తిరిగి రానిచ్చే కాగితం: శరణార్థుల కోసం నాన్సెన్ చేసిన పని, అందులో మిగిలిన లోటు

పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లిన వాళ్ల ఇళ్లలో ‘ఔట్‌పాస్’ అన్న మాట తెలియని వాళ్లు ఉండరు. కఫీల్, అంటే పని ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుని ఇవ్వకపోయినా, అకామా (అక్కడ ఉండే అనుమతి) గడువు దాటి మనిషి కల్లివల్లి, అంటే కాగితాల్లేని వాడు, అయిపోయినా, చివరికి ఇంటికి చేర్చేది ఆ కాగితమే. భారత రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కే అది వాడుక పేరు. ఒక్క ప్రయాణానికి, ఒక్క దేశానికి మాత్రమే అది చెల్లుతుంది. మన విమానాశ్రయంలో దిగగానే దాని పని అయిపోతుంది.

ఆ కాగితం ఇచ్చే ముందు అధికారులు పాత పాస్‌పోర్టు జిరాక్స్ అడుగుతారు. అది లేకపోతే ఇంటి నుంచి ఆధార్, రేషన్ కార్డు వాట్సాప్‌లో తెప్పించుకోమంటారు. ఊరు, తండ్రి పేరు, పోలీస్ స్టేషన్ పరిధి రాయించుకుంటారు. అవసరమైతే జిల్లా నుంచి విచారణ తెప్పించుకుంటారు. ఇంత తనిఖీ ఆ మనిషి పేరు తెలుసుకోవడానికి కాదు. ‘ఈ మనిషి మావాడే, పంపించండి, మేం దించుకుంటాం’ అని ఒక దేశం ఇంకో దేశానికి మాట ఇస్తోంది. ఆ మాట ఇచ్చే ముందు తనవాడో కాదో చూసుకుంటోంది. పాస్‌పోర్టులో ఫొటో, పుట్టిన తేదీ, సంతకం అన్నీ ఉంటాయి గానీ, దాని అసలు బలం ఆ మాటలోనే ఉంది.

మరి ఆ మాట ఇవ్వాల్సిన దేశమే ‘నువ్వు మావాడివి కావు’ అంటే? 1921లో సుమారు పదిహేను లక్షల మంది రష్యన్లకు అదే జరిగింది. వాళ్లకు ఒక దారి వెతికిన మనిషి నార్వే దేశస్థుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ఆయనను చాలామంది ధ్రువ యాత్రికుడిగా గుర్తుపెట్టుకున్నారు. శరణార్థుల చట్టంలో ఈ రోజుకీ వాడుకలో ఉన్న ముఖ్యమైన పనిముట్లు ఆయన కార్యాలయం నుంచి వచ్చినవే. వాటిలోని లోటు కూడా అక్కడే మొదలైంది.

నాన్సెన్ 1861లో క్రిస్టియానియా, అంటే ఇప్పటి ఓస్లో దగ్గర పుట్టారు. చదివింది జంతుశాస్త్రం. నాడీకణాల మీద పరిశోధన చేసి 1888లో డాక్టరేటు పొందారు. అదే ఏడాది గ్రీన్‌లాండ్ మంచు మైదానాన్ని స్కీల మీద తూర్పు నుంచి పడమరకు దాటారు. 1893లో ‘ఫ్రామ్’ అనే ఓడను కావాలనే ఆర్కిటిక్ మంచులో చిక్కుకోనిచ్చి, ఆ మంచుతో పాటే కొట్టుకుపోతూ ప్రయాణించారు. 1895 మార్చిలో ఒక్క తోడుతో ఓడ వదిలి, ఏప్రిల్‌లో 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా చేరారు. అప్పటికి మనిషి అంత ఉత్తరానికి వెళ్లలేదు. యూరప్ అంతటా ఇంటింటా తెలిసిన ఆ పేరే తర్వాత రాజకీయాల్లో ఆయనకు పెట్టుబడి అయింది.

రాజకీయాల్లో ఆయన తొలి పాఠం 1905లో. స్వీడన్‌తో ఉన్న కూటమి నుంచి నార్వే విడిపోవాలనుకుంది. ఆ ఏడాది ఆగస్టు 13న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. విడిపోవాలని 3,68,208 ఓట్లు పడితే, వద్దని పడినవి 184. ఆడవాళ్లకు అప్పటికి ఆ ఓటు లేదు. వాళ్లు ఊరూరా తిరిగి దాదాపు రెండున్నర లక్షల సంతకాలు సేకరించి ఇచ్చారు. ప్రజాస్వామ్య చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన తీర్పు అరుదు. కానీ ఆ తీర్పు ఒక్కటే సరిపోలేదు. మిగతా దేశాలు గుర్తించాలి. లండన్ పత్రికల్లో నార్వే వాదన వినిపించింది నాన్సెన్. డెన్మార్క్ యువరాజు కార్ల్‌ను రాజుగా రమ్మని ఒప్పించడానికి కోపెన్‌హేగన్ వెళ్లింది ఆయనే. ప్రజలు ఒప్పుకుంటేనే వస్తానని యువరాజు అంటే, నవంబరులో మరోసారి ఓటింగ్ పెట్టారు. 2,59,563 మంది సరేనన్నారు, 69,264 మంది వద్దన్నారు. 1906 నుంచి 1908 దాకా నాన్సెన్ లండన్‌లో నార్వే తొలి రాయబారిగా ఉన్నారు.

ఈ భాగం శరణార్థుల కథకు దూరంగా కనిపించవచ్చు. కానీ రెండింటికీ మూలం ఒకటే. దేశమైనా మనిషైనా ‘నేనున్నాను’ అని తానొక్కటే చెప్పుకుంటే చెల్లదు, ఎదుటి వాళ్లు గుర్తించాలి. ఒక కొత్త దేశానికి గుర్తింపు తెచ్చిన మనిషే పదిహేడేళ్ల తర్వాత దేశం లేని మనుషులకు గుర్తింపు తేవడానికి కూర్చున్నారు. ఆ పని ఆయనకు కొత్త కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాదిన్నర దాటినా లక్షల మంది యుద్ధఖైదీలు ఇళ్లకు చేరలేదు. జర్మన్లు, ఆస్ట్రియన్లు, హంగేరియన్లు సైబీరియా దాకా చెల్లాచెదురుగా ఉన్నారు. రష్యన్ ఖైదీలు జర్మనీలో ఉన్నారు. 1920 ఏప్రిల్‌లో నానాజాతి సమితి, అంటే ఐక్యరాజ్యసమితికి ముందున్న లీగ్ ఆఫ్ నేషన్స్, ఈ బాధ్యతను నాన్సెన్‌కు అప్పగించింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సోవియట్ ప్రభుత్వం సమితినే గుర్తించదు. దాని ప్రతినిధితో మాట్లాడనంది. నాన్సెన్ వ్యక్తిగా తన పేరు మీద మాస్కోతో ఒప్పందం చేసుకున్నారు. రైలు రష్యా లోపలి నుంచి ఖైదీలను ఎస్తోనియాలోని నార్వా దాకా తెస్తుంది. అక్కడ స్నానం, పేలమందు, వైద్య పరీక్ష. తర్వాత బాల్టిక్ సముద్రం మీదుగా జర్మనీ రేవు స్టెట్టిన్‌కు ఓడ. ఆ ఓడ ఖాళీగా తిరిగి రాదు, అటు నుంచి రష్యన్ ఖైదీలను ఎక్కించుకుని వస్తుంది. డబ్బు ప్రభుత్వాల అప్పు, క్షేత్రంలో పని రెడ్‌క్రాస్‌ది. 1922లో చివరి నివేదిక ఇచ్చే నాటికి ఇంటికి చేరిన వాళ్లు 4,27,886 మంది.

వీళ్లందరికీ వెళ్లడానికి ఒక ఇల్లు ఉంది. తర్వాత ఆయన చేతికి వచ్చిన వాళ్లకు అదే లేదు.

1920 నవంబరులో రష్యా అంతర్యుద్ధంలో బోల్షెవిక్‌ల చేతిలో ఓడిన శ్వేత సైన్యం, వాళ్ల కుటుంబాలు, మామూలు జనం కలిసి సుమారు లక్షన్నర మంది క్రిమియా నుంచి ఓడల్లో కాన్‌స్టాంటినోపుల్‌కు, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌కు, వచ్చిపడ్డారు. పోలండ్, జర్మనీ, బాల్కన్ దేశాలు, చైనా సరిహద్దు పట్టణాలు అప్పటికే నిండి ఉన్నాయి. తెలుగులో ఇలాంటి వాళ్లకు కాందిశీకులన్న పాత మాట ఉంది. 1942లో రంగూన్ నుంచి అడవుల వెంట నడిచివచ్చిన మన వాళ్లను పత్రికలు ఆ పేరుతోనే పిలిచాయి. ‘ఏ దిక్కుకు పోవాలి’ అన్న సంస్కృత ప్రశ్న నుంచి పుట్టిన మాట అది. ఆ మనుషుల పరిస్థితిని ఇంతకంటే సూటిగా చెప్పే పదం ఇంకోటి దొరకదు.

1921 సెప్టెంబరు 1న నాన్సెన్ రష్యన్ శరణార్థుల హైకమిషనర్‌గా బాధ్యత తీసుకున్నారు. సమితి ఇచ్చింది కార్యాలయ ఖర్చులకు మాత్రమే, శరణార్థుల తిండికీ బట్టకూ పైసా లేదు. ఆ డిసెంబరు 15న మాస్కో డిక్రీ వచ్చింది. అనుమతి లేకుండా దేశం వదిలిన వాళ్లు, ఎదురు సైన్యాల్లో పోరాడిన వాళ్లు, అయిదేళ్లకు పైగా విదేశాల్లో ఉండి సోవియట్ పాస్‌పోర్టు తీసుకోని వాళ్లు పౌరసత్వం కోల్పోయారు. జార్ కాలపు పాస్‌పోర్టులు చెత్తకాగితాలయ్యాయి.

కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న ఒక వడ్రంగి సంగతి ఊహించుకుంటే చిక్కుముడి ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ఊళ్లో పని లేదు. బల్గేరియాలో పని ఉంది. బల్గేరియా వీసా ఇవ్వాలంటే ముందు చూసేది, ‘పని అయిపోయాక ఇతన్ని ఎక్కడికి పంపాలి?’ అని. రష్యా తీసుకోదు, వచ్చిన చోటు వాళ్లూ వెనక్కి తీసుకోరు. అందుకని వీసా ఇవ్వదు. వడ్రంగి చేతిలో పని ఉండి కూడా దానం మీద బతుకుతాడు. ఆశ్రయమిచ్చిన దేశానికి భారం, పని ఉన్న దేశానికి మనుషుల కొరత. ఆ ముడి ఒక కాగితం లేకపోవడంతో పడింది.

1922 జులైలో జెనీవాలో 16 ప్రభుత్వాలు కూర్చుని ఒప్పుకున్నదే నాన్సెన్ సర్టిఫికెట్. జనం దాన్ని నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. దాన్ని ఇచ్చింది సమితి కాదు, నాన్సెన్ కార్యాలయమూ కాదు. శరణార్థి ఏ దేశంలో ఉంటే ఆ దేశ ప్రభుత్వమే ఇస్తుంది. నమూనా మాత్రం అందరికీ ఒకటే. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, వృత్తి, ఆనవాళ్లు, ఫొటో ఉంటాయి. గడువు ఏడాదికి మించదు. రష్యా భూభాగంలో అడుగుపెడితే చెల్లదు. పేదలకు ఉచితంగా ఇవ్వాలి. ఆనాటి రాజకీయాల్లో తెలివైన పని ఇది. ఏ ప్రభుత్వం సార్వభౌమాధికారాన్నీ తాకలేదు, కొత్త సంస్థ ఏదీ పెట్టలేదు, సంతకం చేసిన దేశం శరణార్థిని రానివ్వాలని ఎక్కడా రాయలేదు. అందుకే క్రమంగా 50కి పైగా ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. 1924లో ఆర్మేనియన్లకు, 1928లో అసిరియన్లకు, మరికొన్ని చిన్న సమూహాలకు విస్తరించింది. మొత్తం మీద నాలుగున్నర లక్షల దాకా ఇచ్చారని అంచనా. స్వరకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్, నర్తకి అన్నా పావ్లోవా ఆ కాగితం పట్టుకు తిరిగిన వాళ్లే.

ప్రభుత్వాలు అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి కారణం అందులోని ఒక నిబంధన. సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన, ఇచ్చిన దేశానికి శరణార్థి తిరిగి వచ్చే హక్కు ఉండదు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. పాస్‌పోర్టు ప్రాణం ‘మేం వెనక్కి తీసుకుంటాం’ అన్న మాటలోనే ఉందనుకుంటే, ఈ కాగితం ప్రాణం తీసేసిన పాస్‌పోర్టు. పేరు, ఫొటో, ముద్ర అన్నీ ఉన్నాయి. ఆ ఒక్క మాట లేదు.

ఫలితం వెంటనే కనబడింది. వడ్రంగి సర్టిఫికెట్ తీసుకుని వెళ్తే వీసా అధికారి మళ్లీ అదే ప్రశ్న వేశాడు. కొన్ని దేశాలు ఈ సర్టిఫికెట్‌ను శరణార్థిని వదిలించుకునే మార్గంగా వాడుకున్నాయి. చేతిలో పెట్టి పంపేశాక, తిరిగొస్తే సరిహద్దు దగ్గరే ఆపవచ్చు. కువైట్ ఔట్‌పాస్ కూడా ఒకవైపు కాగితమే, కానీ అది మనిషిని తన వాళ్ల వైపు తీసుకెళ్తుంది. నాన్సెన్ సర్టిఫికెట్ మనిషిని ఎటు తీసుకెళ్తుందో ఎవరూ చెప్పలేదు.

నాన్సెన్ కార్యాలయం ఈ లోటు గుర్తించింది. 1926 మే 12న జరిగిన రెండో ఒప్పందంలో తిరుగు వీసా సూత్రాన్ని చేర్చింది. కానీ అది సిఫారసుగానే ఉంది. ఆ ఒప్పందంలోనే ఇంకో రెండు ముఖ్యమైన సంగతులున్నాయి. మొదటిది నిర్వచనం. రష్యన్ మూలాలుండి, సోవియట్ ప్రభుత్వ రక్షణ లేని, లేదా ఇక దొరకని, మరో జాతీయత పొందని వ్యక్తి శరణార్థి అని రాశారు. ‘పౌరసత్వం లేని’ అనలేదు, ‘హింసకు గురైన’ అనలేదు. ‘రక్షణ’ అన్న మాట ఎంచుకున్నారు. ఎందుకు పారిపోయావో నిరూపించుకోమని అడగనక్కర్లేదు, నీ వెనక ఏ ప్రభుత్వమూ నిలబడటం లేదని తేలితే చాలు. ఈ రోజు శరణార్థి హోదా కోసం గంటలకొద్దీ ఇంటర్వ్యూల్లో కూర్చునే వాళ్లతో పోలిస్తే అది ఎంత దయగల నిర్వచనమో అర్థమవుతుంది. కాకపోతే ఆ దయ జాబితాలో ఉన్న జాతులకే. ముస్సోలినీ నుంచి పారిపోయిన ఇటాలియన్లు, తర్వాత హిట్లర్ జర్మనీ నుంచి వచ్చిన యూదులు ఆ జాబితాలో లేరు.

రెండోది స్టాంపు. సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు, ఏటా పొడిగించుకున్నప్పుడు స్తోమత ఉన్నవాళ్లు 5 బంగారు ఫ్రాంకుల స్టాంపు కొని అంటించాలి. లేనివాళ్లకు మినహాయింపు. ఆ డబ్బు ఒక నిధిలోకి వెళ్తుంది. అందులోంచి మరో శరణార్థికి ప్రయాణ ఖర్చు, పని మొదలుపెట్టడానికి సాయం ఇస్తారు. ప్రభుత్వాలు పైసా విదల్చనప్పుడు, కాస్త నిలదొక్కుకున్న శరణార్థే ఇంకా నిలదొక్కుకోని శరణార్థికి అయిదు ఫ్రాంకులు ఇచ్చాడన్నమాట. తర్వాత ఆ స్టాంపు మీద నాన్సెన్ బొమ్మే వేశారు.

కాగితాల అవసరం ప్రయాణంతో ఆగదు. పెళ్లి చేసుకోవాలంటే అవివాహితుడినని కాన్సులేట్ ధ్రువపత్రం కావాలి. బిడ్డ పుడితే నమోదుకు తల్లిదండ్రుల పత్రాలు కావాలి. పాత డిగ్రీ చెల్లాలంటే ఎవరో సంతకం పెట్టాలి. కాన్సులేటే లేని మనిషికి ఇవన్నీ ఆగిపోతాయి. ఫ్రాన్స్ 1924లో సోవియట్ ప్రభుత్వాన్ని గుర్తించాక, పారిస్‌లో పాత జార్ కాన్సులేట్ సిబ్బందే శరణార్థుల కార్యాలయంగా కొనసాగి ఈ పత్రాలు ఇచ్చారు. 1928 జూన్ 30న ఫ్రాన్స్, బెల్జియం ఈ పద్ధతికి చట్టబద్ధత ఇచ్చాయి. హైకమిషనర్ ప్రతినిధులు కాన్సుల్ చేసే ధ్రువీకరణలు చేయవచ్చన్నాయి. నాన్సెన్ పనిలో పాస్‌పోర్టుకు వచ్చినంత పేరు దీనికి రాలేదు గానీ, శరణార్థి రోజువారీ బతుకును నిలబెట్టింది ఎక్కువగా ఇదే.

1921 నాటి వోల్గా కరువు గురించి ఒక మాట చెప్పి తీరాలి. లక్షల మంది ఆకలితో చనిపోతుంటే నాన్సెన్ సమితి సభలో ప్రభుత్వాల అప్పు అడిగారు. సోవియట్లను బతికించినట్టవుతుందని సభ నిరాకరించింది. ఆయన ఊరూరా తిరిగి ఫొటోలు, సినిమా రీళ్లు చూపించి ప్రైవేటు చందాలు పోగుచేశారు. అమెరికా సహాయ సంస్థ చేసిన పని పరిమాణంలో దీనికంటే చాలా పెద్దది, 1922 వేసవిలో అది కోటి మందికి పైగా తిండి పెట్టింది. ఆ ఏడాదే నాన్సెన్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ సొమ్ము ఆయన సహాయ కార్యక్రమాలకే ఇచ్చేశారు.

ఆ బహుమతి ప్రకటించే నాటికి నాన్సెన్ మరో పనిలో ఉన్నారు. దాన్ని మెచ్చుకోవడం కష్టం. 1922లో గ్రీకు సైన్యం టర్కీ చేతిలో ఓడిపోయి స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) నగరం తగలబడ్డాక, లక్షల మంది గ్రీకులు ఆసియా మైనర్ నుంచి పారిపోయి గ్రీస్ చేరారు. నాన్సెన్ రెండు ప్రభుత్వాల మధ్య మాట్లాడి జనాభా మార్పిడిని ముందుకు తెచ్చారు. 1923 జనవరి 30న లౌసాన్‌లో ఒప్పందం కుదిరింది. మార్పిడి నిర్బంధం. ఎవరు ఎటు పోవాలో తేల్చింది మతం. టర్కిష్ తప్ప గ్రీకు రాని ఆర్థడాక్స్ క్రైస్తవులను గ్రీస్‌కు, గ్రీకు తప్ప టర్కిష్ రాని క్రీట్ ముస్లింలను టర్కీకి పంపారు. దాదాపు 12 లక్షల మంది ఒకవైపు, 4 లక్షల మంది ఇంకోవైపు. అప్పటికే పారిపోయి వచ్చిన వాళ్లను తిరిగి పంపడం అసాధ్యం, మార్పిడి లేకపోతే మిగిలిన వాళ్లను ఊచకోత కోస్తారన్నది సమర్థకుల వాదన. ఆ భయం నిజమే. కానీ తిరిగి వచ్చే హక్కు కోసం పోరాడాల్సిన కార్యాలయమే, తిరిగి రాకూడదన్న ఒప్పందానికి పెద్దరికం వహించింది. ఆ నమూనాను తర్వాతి దశాబ్దాల్లో చాలామంది పాలకులు ఉదాహరణగా చూపించారు.

చిత్తూరు వాసులకు దీన్ని పోల్చుకోవడానికి ఒక మంచి ఉదాహరణ పక్కనే ఉంది. భాషా రాష్ట్రాలు ఏర్పడ్డాక తిరుత్తణి ఎవరిదన్న గొడవ ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. కదిలింది సరిహద్దు, మనుషులు కాదు. నగరి, సత్యవేడుల్లో తమిళం మాట్లాడే వాళ్లు ఇక్కడే ఉన్నారు, తిరుత్తణిలో తెలుగు వాళ్లు అక్కడే ఉన్నారు. మనసులు నొచ్చుకున్న వాళ్లు ఉండవచ్చు గానీ, ఎవరూ మూట కట్టుకోలేదు, ఎవరి పౌరసత్వమూ పోలేదు. ఇది ఒకే దేశంలో రెండు రాష్ట్రాల మధ్య సర్దుబాటు, లౌసాన్ రెండు దేశాల యుద్ధం తర్వాతది. పోలిక అక్కడికే. అయినా గీతకు తగ్గట్టు మనుషులను కదపాలా, మనుషులకు తగ్గట్టు గీతను జరపాలా అన్న ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయని తెలుస్తుంది.

నాన్సెన్ 1930 మే 13న చనిపోయారు. మరుసటి ఏడాది ఆయన పేరుతో సమితి ఒక అంతర్జాతీయ కార్యాలయం పెట్టింది. దానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. ఆ కార్యాలయం సాధించిన అసలు విజయం 1933 అక్టోబరు 28 నాటి ఒడంబడిక. అందులో రెండు సంగతులున్నాయి. శరణార్థిని సరిహద్దు దగ్గర తిప్పికొట్టి తన దేశానికి తోసేయకూడదన్న నియమం అంతర్జాతీయ ఒడంబడికలోకి మొదటిసారి అప్పుడే వచ్చింది. రెండోది, నాన్సెన్ సర్టిఫికెట్ మీద వెళ్లడానికీ తిరిగి రావడానికీ అనుమతి ఇస్తున్నట్టు మాటలు తప్పనిసరిగా ఉండాలన్నారు. 1922లో తీసేసిన ప్రాణాన్ని పదకొండేళ్ల తర్వాత తిరిగి పోశారు. కానీ ఆ ఒడంబడికను పట్టుమని పది దేశాలు కూడా ఆమోదించలేదు. 1951 శరణార్థుల ఒడంబడికకు జతచేసిన షెడ్యూలులో, ప్రయాణ పత్రం ఇచ్చిన దేశం దాని గడువులో ఎప్పుడైనా ఆ వ్యక్తిని తిరిగి రానివ్వాలని పదమూడో పేరాలో రాశారు. వడ్రంగిని వీసా అధికారి అడిగిన దానికి జవాబు రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

భారత్ 1951 ఒడంబడికలో చేరలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. కాగితం ముందు అందరూ విదేశీయులే. అయినా రాజ్యాంగం 21వ అధికరణం ‘పౌరుడు’ అనకుండా ‘వ్యక్తి’ అంది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ మాట ఆధారంగానే వాళ్ల ప్రాణాలు కాపాడాలని అరుణాచల్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2021లో జమ్మూలోని రోహింగ్యాల కేసులో మాత్రం పంపించేయడాన్ని ఆపలేదు, చట్టం చెప్పిన పద్ధతి పాటించాలని మాత్రం అంది. రక్షణ కేసు కేసుకూ మారుతోందంటే రాతపూర్వకమైన హక్కు లేకపోవడమే కారణం.

చలికాలం వస్తే తిరుపతి లాంటి పట్టణాల్లో స్వెట్టర్లు, శాలువాలు అమ్మే టిబెటన్ కుటుంబాలు కనిపిస్తాయి. 1960ల మొదట్లో కర్ణాటకలోని మైసూరు జిల్లా బైలకుప్పెలో, ఆ తర్వాత మరికొన్ని చోట్ల ఏర్పడిన సెటిల్‌మెంట్ల నుంచి వచ్చే వాళ్లు వీళ్లలో ఉంటారు. వాళ్ల జేబులో ఉండేది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దాన్నే ఆర్‌సీ అంటారు. గడువు దాటకముందే రెన్యూవల్ చేయించుకోవాలి. విదేశాలకు వెళ్లాలంటే భారత ప్రభుత్వం ఇచ్చే పసుపు అట్ట ఐడెంటిటీ సర్టిఫికెట్ కావాలి. ఆ పసుపు పుస్తకంలో చాలాకాలం అన్నిటికంటే విలువైన ముద్ర ఒకటుండేది, ‘భారత్‌కు తిరిగి రావడానికి అభ్యంతరం లేదు’ అని. ఆ ముద్ర లేకపోతే వీసా దొరికేది కాదు, దొరికినా తిరిగి రావడం కష్టమయ్యేది. 1922 నాటి నిబంధన దశాబ్దాల తర్వాత మైసూరు జిల్లాలో ఒక రబ్బరు ముద్రగా తేలింది. భారత్‌లో 1950 జనవరి 26కు, 1987 జులై 1కి మధ్య పుట్టిన టిబెటన్లు పుట్టుకతోనే భారత పౌరులని 2016లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఆ తేదీల మధ్య పుట్టిన వాళ్లకు ఆ పసుపు పుస్తకంతో పని లేదు. మిగతా వాళ్లకు దాని అవసరం తీరలేదు.

ఇలాంటి కాగితం మొదట తగిలేది లాడ్జి కౌంటర్‌లో. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా సమాచారం పంపాలని తిరుపతి లాడ్జీల వాళ్లకు తెలుసు, సీ-ఫారం అన్న పేరు అక్కడ అందరికీ వాడుకే. అలవాటైన విదేశీ పాస్‌పోర్టు చూస్తే వివరాలు రాసుకుని గది ఇస్తారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డో, ఆర్‌సీనో చూస్తే గుమాస్తా తటపటాయిస్తాడు, ఎందుకొచ్చిన గొడవని గది లేదంటాడు. ఆయనలో ద్వేషం ఉండక్కర్లేదు, తెలియని కాగితం అంటే భయం చాలు. ఎవరు ఇచ్చారు, గడువు ఎప్పటిదాకా, తిరిగి ఎక్కడికి వెళ్లవచ్చు అన్న మూడు సంగతులు చూస్తే ఏ ప్రయాణ పత్రమైనా చాలావరకు అర్థమవుతుంది. మొదటి రెండూ పైపేజీలోనే ఉంటాయి, మూడోదే వెతకాలి.

సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కితే తడ దాటాక కాసేపటికి గుమ్మిడిపూండి వస్తుంది. అక్కడ శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2021లో ఇలాంటి శిబిరాలకు పునరావాస శిబిరాలని పేరు మార్చింది. 1983 జులై అల్లర్ల తర్వాత మొదలైన ఈ రాకలో ఇప్పుడు మూడో తరం అక్కడే పుడుతోంది. వీళ్లలో కొందరు తేయాకు తోటల కూలీల వంశం. 1948లో శ్రీలంక పౌరసత్వ చట్టం వాళ్ల తాతలను బయట పెట్టింది. 1964 అక్టోబరులో రెండు ప్రభుత్వాలు కూర్చుని 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని శ్రీలంక తీసుకునేలా పంచుకున్నాయి. మిగిలిన లక్షన్నర మందిని తర్వాత చూద్దామన్నాయి, 1974లో చెరిసగం చేసుకున్నాయి. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చిన వాళ్లకే, శ్రీలంక ఆ జాబితాలో లేదు. నాన్సెన్ కాలపు జాతుల జాబితాలో ఉన్న లోపమే ఇక్కడ దేశాల జాబితాగా కనబడుతుంది.

ఆ శిబిరంలో బిడ్డ పుడితే మొదట ఆసుపత్రి, స్థానిక సంస్థ నుంచి జనన ధ్రువపత్రం తీసుకోవాలి. తర్వాత చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌లో ఆ జననాన్ని నమోదు చేయించాలి. దానికి తల్లిదండ్రుల శ్రీలంక జనన పత్రాలు, పెళ్లి పత్రం కావాలి. పడవలో దాటేటప్పుడు తడిసిపోయిన, కాలిన ఇంట్లో మిగిలిపోయిన పత్రాలు అవే. అవి దొరకని కుటుంబాల్లో పిల్లలు రెండు దేశాల రిజిస్టర్లలోనూ ఎక్కకుండా పెరుగుతారు. వాళ్ల పేరు ఉండేది శిబిరం హాజరు పట్టీలోనే.